నిద్ర
(వల్లూరు పఠనాలయమున నొక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠము)



నేను మాటలను తూచి బ్రతుకువాడను. న్యాయస్థానమున నొక్క మాట యర్థము మాఱిన నొక కుటుంబపు పొలము చేయి మాఱును. కావున నేడు మీ యెదుట నొక్క మాటనే విచారింపదలచితిని. ఆ మాట నిద్ర.

తెలుగువారికి నిద్ర యొక్కటి కాదు. మూసియు మూయని కంటిది మాగన్ను, కూర్చుండి తూగుట జోగు, క్షణకాలపుది కోడికునుకు. విష్ణువుది యోగనిద్ర, మృతునిది దీర్ఘనిద్ర. భర్త వనవాసమేగిన పదునాలుగేండ్ల యెడబాటును మన స్త్రీలు ‘ఊర్మిళాదేవి నిద్ర’ యని పాటగా కట్టిరి. దేవుడు పండుకొనడు, పవళించును. మన కడపసీమ తాళ్లపాకలో బుట్టిన అన్నమయ్య (1408–1503) ఆ స్వామికి మేలుకొలుపులును జోలలును పాడెను. తిరుమల యేకాంతసేవలో తాళ్లపాకవారి లాలి నేటికిని వినబడును.

నిద్రపోవుట వేఱు, నిద్రచేయుట వేఱు. మొక్కుకొన్నవాడు గుడిలో నిద్రచేయును. క్రొత్త దంపతులు అత్తవారింట మూడు నిద్రలు చేయుదురు. అచట కన్ను మూతపడినదా యని యెవరు నడుగరు. ఆ కప్పు క్రింద రాత్రి గడపిన చాలును. ఇక నిద్రకాచుట యన నిద్రను మానుటయే!

చట్టమునందును నిద్ర కలదు. తన హక్కులపై నిద్రించువానికి న్యాయము తోడ్పడదని లాటిను సూత్రము. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము ప్రామిసరీ నోటు బాకీకి సామాన్యముగా గడువు 3 ఏండ్లే. ఒక ముసలి రైతు గడువు దాటిన నాలుగు నెలలకు నాయొద్దకు నోటు దెచ్చెను. “బంధువు గదా సామీ, రేపు మాపు అంటా వచ్చినాడు, నమ్మితి” ననెను. చట్టము దానిని నిద్ర యనును. నాకు నోరు రాలేదు. ఏలయన, ఆ మూడేండ్లును ఆతడు రాత్రివేళ వచ్చు కరెంటునకై బోరు మోటారు కడ నిద్రకాచినవాడు.

2011 జూన్‌లో ఢిల్లీ రామలీలా మైదానమున నిద్రించుచున్న జనులపై నర్ధరాత్రి పోలీసులు పడిరి. ఆ యుదంతముపై 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పునందు, నిద్ర జీవించు హక్కులో భాగమని చెప్పబడినది. ఒక చట్టము నిద్రింపవద్దనును. వేఱొకటి నిద్ర నీ హక్కనును. ఇందు వైరుధ్యము లేదు. ఒడలికి నిద్ర హక్కు. హక్కునకు నిద్ర చేటు.

గడువులోపల బాకీదారుడు బాకీ నొప్పుకొని వ్రాసి సంతకము చేసినచో గడువు మరల మొదలగును. ఇది తెలియకయే ఆ ముసలివాడు చెడెను. చదువరులారా, ఇంటికి బోవునప్పుడు చదువురాని పొరుగువాని నోటుపై తేదీ యొకమారు చూడుడు. అతనికి కంటినిండ నిద్ర పట్టవలెనన్న, ముందు మనము మేలుకొనవలెను.