టీవీ స్టూడియోలో కంప్యూటర్ నెట్‌వర్క్ – మన కర్తవ్యం



1989లో ప్రమాణంగా రూపొందిన ఎస్‌డీఐ పద్ధతిలో ఒక కోయాక్సియల్ కేబుల్ ఒక చిత్రాన్ని ఒకే దిశలో మోస్తుంది. ఆ కేబుల్ వెంట నడిచి లోపాన్ని పట్టుకోవడం మన టెక్నీషియన్లకు కొట్టినపిండి.

2017లో వెలువడిన ఎస్‌ఎంపీటీఈ 2110 ప్రమాణం చిత్రాన్ని, శబ్దాన్ని, అనుబంధ సమాచారాన్ని వేర్వేరు ప్రవాహాలుగా ఐపీ నెట్‌వర్క్‌పై పంపుతుంది. ఉమ్మడి గడియారపు సమయాన్ని బట్టి వాటిని తిరిగి కలుపుతారు. గడియారం తప్పితే మాటకూ పెదవికీ పొంతన వుండదు.

ఇప్పుడు కెమెరా ఒక నగరంలో, కంట్రోల్ రూం మరొక నగరంలో వుండవచ్చు. యాజమాన్యాలకు సిబ్బంది తగ్గింపు ఆశ పుట్టేది ఇక్కడే. మనం యంత్రాన్ని వ్యతిరేకించడం లేదు. పరికరాలు అమర్చకముందే సిబ్బంది సంఖ్యపై లిఖితపూర్వకమైన ఒప్పందాన్ని, పనివేళల్లోనే జీతంతో కూడిన శిక్షణను సాధించుకోవడమే మన తక్షణ కర్తవ్యం.