ఉప్పు ఎక్కువ తింటే థైరాయిడ్ తగ్గుతదా?

పోయిన వారం రఘునాథపల్లి నుంచి మా అక్క ఒక బ్లడ్ రిపోర్ట్ ఫొటో పంపింది. టీఎస్‌హెచ్ ఎక్కువ, యాంటీ టీపీఓ ఎక్కువ. కింద వాయిస్ మెసేజ్: "తమ్మీ, అయోడిన్ తక్కువైతేనే థైరాయిడ్ వస్తదంట గదా. ఉప్పు జర ఎక్కువ తింటే సరిపోతదా? డాక్టరు రాసిన గోలీలు కడుపుల బిడ్డకు మంచిగ కాదంటున్నరు, ఆపేయాల్నా?"

అక్కకు ఇప్పుడు మూడో నెల. నేను డిగ్రీలో బయోకెమిస్ట్రీ చదివిన. కానీ అక్కకు పుస్తకం భాష పనికిరాదు. అందుకే ఇల్లు కట్టే ముచ్చట చెప్పిన. మీకూ అదే చెప్తా.

ఉప్పులోంచి వచ్చిన అయోడిన్ రక్తంలో అయోడైడ్‌గా తిరుగుతుంది. గొంతు ముందున్న థైరాయిడ్ గ్రంథి దాన్ని లోపలికి లాక్కుంటుంది. అవి ఇటుకలు అనుకోండి. గ్రంథిలో థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రొటీన్ ఉంది, అది గోడ. ఇటుకలు వాటంతట అవే గోడెక్కవు కదా! మేస్త్రీ కావాలి. ఆ మేస్త్రీయే థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్. షార్ట్‌గా టీపీఓ.

మేస్త్రీకి పనిముట్టు హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు కడిగితే నురగ వస్తుందే, అదే. గ్రంథి తనకు కావలసినంత తనే తయారు చేసుకుంటుంది. దాని సాయంతో టీపీఓ అయోడైడ్ నుంచి ఎలక్ట్రాన్లు లాగేస్తుంది. అప్పుడు అయోడిన్ చురుకై, ప్రొటీన్‌లోని టైరోసిన్‌లకు అతుక్కుంటుంది. ఒక్కోదానికి ఒకటి, లేదా రెండు. రెండేసి ఉన్నవి రెండు జతకడితే టీ4. ఒకటున్నది, రెండున్నది కలిస్తే టీ3. ఆ జత కట్టేదీ టీపీఓనే.

ఇటుకలు తక్కువైతే ఒక జబ్బు. గొంతు వాచి గాయిటర్ వస్తుంది. మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో దీని మీదే పరిశోధన మొదలుపెట్టారు. అయోడిన్ ఉప్పు ఇచ్చిన ఊళ్లలో గాయిటర్ బాగా తగ్గింది. 1962లో దేశమంతటికీ కార్యక్రమం వచ్చింది. ఇప్పుడు ఇంటికి చేరే కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి.

కానీ మా అక్కది ఆ జబ్బు కాదు. యాంటీ టీపీఓ ఎక్కువ ఉందంటే, ఒంటి రక్షణ వ్యవస్థ మేస్త్రీని శత్రువు అనుకుంటోందని గుర్తు. జపాన్ డాక్టర్ హషిమోటో 1912లో వర్ణించిన జబ్బు ఇదే. మేస్త్రీ దెబ్బలు తింటుంటే లారీలకొద్దీ ఇటుకలు దింపి ఏం లాభం? పైగా అయోడైడ్ మరీ ఎక్కువైతే ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కూడా కొన్నాళ్లు పని తగ్గించుకుంటుంది. దెబ్బతిన్నది మళ్లీ తేరుకోకపోవచ్చు. అలాగని అయోడిన్ ఉప్పు మానేయొద్దు, గర్భిణికి అది ఇంకా ముఖ్యం. మామూలుగా వాడితే చాలు.

మరి గోలి ఏం చేస్తుంది? అది కట్టి సిద్ధంగా ఉన్న టీ4. మేస్త్రీతో పనే లేదు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి కావలసిన థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే రావాలి. అందుకే అక్కతో గట్టిగా చెప్పిన: "గోలి ఆపకు. పొద్దున్నే ఖాళీ కడుపుతో వేసుకో. ఐరన్, క్యాల్షియం గోలీలకు నాలుగు గంటలు ఎడం పెట్టు. డోసు మార్చాలంటే డాక్టరే మార్చాలె, వాట్సాప్ కాదు."

నిన్న ఫోన్ చేసింది. "మేస్త్రీ ఎట్లున్నడు?" అని అడిగిన. నవ్వి, "గోలి ఏసుకున్న తమ్మీ" అన్నది.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి రిపోర్ట్ ఉంటే, ముందు ఇది వినిపించండి. మళ్లీ కలుద్దాం.