వాకిట్లో నీళ్ళ తొట్టి, గోడ మీద సూదుల చీటీ



వేసవి వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలంటారు. మన విశాఖ జిల్లాలో అంతదాకా ఆగనక్కర్లేదు. సింహాద్రి అప్పన్న చందనోత్సవం నాటికే ఒళ్ళు మండిపోతుంది. సముద్రం పక్కనే ఉంది, గాలి వస్తుంది అనుకుంటాం. ఆ గాలితో ఉక్కపోత కూడా వస్తుంది.

మనకే ఇలా ఉంటే నోరు లేని జీవాల మాట ఏమిటి?

ఈ రోజు ఒక ఇంటి సంగతి చెప్పుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు. ఇలాంటి ఇళ్ళు చాలా ఊళ్ళలో ఉంటాయి. అందుకే మనుషులకు పేర్లు పెట్టలేదు. వింటూ ఉంటే మీ ఊళ్ళో ఎవరో ఒకరు గుర్తుకు వస్తారు.

మూడు కుక్కల ఇల్లు

ఆనందపురం నుంచి భీమిలి వైపు వెళ్ళే దారిలో ఒక పల్లె. ఊరి చివర పెంకుటిల్లు. వెనక జీడిమామిడి తోట. వాకిట్లో వేపచెట్టు. ఆ ఇంట్లో ఒక అమ్మ, ఆమె మొగుడు, పదో తరగతి చదివే కూతురు ఉంటారు. వాళ్ళతో పాటు మూడు కుక్కలు.

ఆ కుక్కల్ని ఎవరూ కొనలేదు. పెద్ద రోడ్డు మీద లారీ తగిలి కాలు విరిగింది ఒకదానికి. దాని పేరు కుంటోడు. రెండోది ముసలి కుక్క. దాన్ని పెంచిన వాళ్ళు పట్నం వెళ్ళిపోయారు, కుక్క మిగిలిపోయింది. దాని పేరు తాత. మూడోది నల్ల ఆడకుక్క. ఏప్రిల్ నెలలో నాలుగు పిల్లలతో సహా ఎవరో సంతలో వదిలేశారు. అమ్మ వాటిని తట్టలో పెట్టుకుని వచ్చింది. తల్లి వెనకాలే నడిచి వచ్చింది. దాని పేరు నల్లమ్మ.

పక్కింటామె నవ్వింది. "ఓలప్పా! మనకే నీళ్ళు నేవు. ఈటికి ఎక్కడి నుంచి తెస్తావే?"

అమ్మ అంది: "గిన్నెలు కడిగిన నీళ్ళు చెట్టుకి పోస్తన్నాం కదా. బిందెడు మంచినీళ్ళు ఈటికి పోస్తే ఏటి తరిగిపోద్ది?"

ఎండ పూట ఏం చెయ్యాలి?

అమ్మ చీకటితోనే లేస్తుంది. వాకిలి ఊడ్చి కళ్ళాపి జల్లుతుంది. వేపచెట్టు కింద సిమెంటు తొట్టి ఉంది. అందులో నిన్నటి నీళ్ళు ఒంపేసి, తొట్టి తోమి, కొత్త నీళ్ళు పోస్తుంది. నీళ్ళు రోజూ మార్చకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఆ దోమలు మళ్ళీ మనల్నే కుడతాయి.

తరువాత ఉపాధి పనికి వెళుతుంది. వెళ్ళే ముందు కుక్కలకు తిండి పెడుతుంది. గంజిలో అన్నం కలిపి పెడుతుంది. చోడి అంబలి మిగిలితే అదీ పోస్తుంది. ఉప్పూ కారం ఉన్న కూర పెట్టదు. ఉల్లిపాయ అసలు పెట్టదు. ఉల్లిపాయ కుక్క రక్తాన్ని పాడు చేస్తుంది. మధ్యాహ్నం మండే ఎండలో కడుపు నిండా పెట్టదు. తెల్లవారి కొంత, పొద్దు వాలాక కొంత పెడుతుంది.

మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ చెమట ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది. కుక్కకు అలా కాదు. దాని చెమట అరికాళ్ళలోనే. అందుకే అది నాలుక బయట పెట్టి రొప్పుతుంది. ఆ రొప్పుతోనే ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. దానికి నీడ, నీళ్ళు, గాలి కావాలి. ఎండలో గొలుసుతో కట్టేస్తే ఈ మూడూ అందవు.

ఒకనాటి మధ్యాహ్నం తాత తూలి పడిపోయింది. నోటి వెంట చొంగ కారుతోంది. రొప్పు ఆగడం లేదు. అది వడదెబ్బ. కూతురు దాన్ని నీడలోకి లాగింది. పొట్ట మీద, కాళ్ళ మీద మామూలు నీళ్ళు పోసింది. విసనకర్రతో విసిరింది. నోట్లో బలవంతంగా నీళ్ళు పొయ్యలేదు. అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాత తల ఎత్తాక గిన్నె ముందు పెట్టింది. అదే తాగింది. సాయంత్రం పశువుల డాక్టరుకు చూపించారు.

వేసవిలో గోమార్లు కూడా ఎక్కువ. వాటినే పిడుదులు అంటారు. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పట్టుకుంటాయి. కిరసనాయిలు, ఫినాయిలు, పొలానికి కొట్టే మందు కుక్కకు పుయ్యకూడదు. అవి విషం. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, విషం కడుపులోకి పోతుంది. గోమార్ల మందు పశువుల ఆసుపత్రిలో అడిగి తెచ్చుకోవాలి.

పిల్లాడిని కుక్క కరిచింది

మే నెల. బడులకు సెలవులు. అమ్మ చెల్లెలు గాజువాకలో ఉంటుంది. ఆమె మొగుడు ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. ఆమె తొమ్మిదేళ్ళ కొడుకును తీసుకుని అక్క ఇంటికి వచ్చింది. పిల్లాడికి పట్టలేనంత సంబరం. మామిడికాయలు, తాటి ముంజలు, నాలుగు కుక్కపిల్లలు!

మే 5న నల్లమ్మ పిల్లలకు పాలిస్తోంది. పిల్లాడు వెళ్ళి ఒక కూనను ఎత్తుకున్నాడు. నల్లమ్మ గుర్రుమంది. పిల్లాడు వదల్లేదు. నల్లమ్మ వాడి పిక్క మీద కరిచింది. రక్తం వచ్చింది.

వాడి ఏడుపుకు ఊరంతా వచ్చింది. ఒకామె అంది, "కారం అద్దండి." ఇంకొకామె అంది, "సున్నం రాయండి." ఒక పెద్దాయన అన్నాడు, "పక్క ఊళ్ళో పసరు పోస్తారు. అక్కడికి తీసుకెళ్ళండి." మరొకాయన కర్ర తీశాడు. "ఎండకి ఆ కుక్కకి పిచ్చెక్కింది. ముందు దాన్ని సంపేద్దాం."

అమ్మకు చేతులు వణికాయి. కానీ ఆమె పిల్లాడిని కుళాయి దగ్గరకు తీసుకెళ్ళింది. సబ్బు రుద్దింది. ధారగా నీళ్ళు పోసింది. కడిగింది, మళ్ళీ సబ్బు రుద్దింది. అలా పదిహేను నిమిషాలు కడిగింది. కూతురు గడియారం చూస్తూ నిలబడింది. కారం లేదు, సున్నం లేదు, పసరు లేదు. గుడ్డతో కట్టు కూడా కట్టలేదు.

ఎందుకు కడగాలి? పిచ్చి కుక్క జబ్బును రేబిస్ అంటారు. అది వైరస్ వల్ల వస్తుంది. ఎండ వల్ల రాదు. జబ్బు ఉన్న జంతువు ఉమ్ములో వైరస్ ఉంటుంది. కరిచినప్పుడు గాయంలోకి వస్తుంది. సబ్బు నీళ్ళు గాయంలో ఉన్న వైరస్‌ను చాలావరకు పోగొడతాయి. కారం, సున్నం గాయాన్ని పెద్దవి చేస్తాయి. పసరుతో రేబిస్ ఆగదు.

కడగడంతో పని అయిపోదు. సూది మందు కావాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్ళు ప్రపంచంలోనే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కానీ కరిచిన వెంటనే వైద్యం మొదలుపెడితే జబ్బు రాకుండా ఆపవచ్చు. సామాన్యంగా ఒకటి నుంచి మూడు నెలల లోపు జబ్బు బయటపడుతుంది. ఒక్కోసారి ఇంకా ఆలస్యం అవుతుంది. గాయం మానింది కదా అని ఊరుకుంటే మోసపోతాం.

చీటీ చదివింది ఎవరు?

ఆటో కట్టించుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. డాక్టరు గాయం చూశారు. మొదటి సూది వేశారు. రక్తం వచ్చిన గాయం కాబట్టి గాయం చుట్టూ సీరం కూడా వెయ్యాలన్నారు. దానికి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి పంపారు. మనం కె.జి.హెచ్. అంటామే, అదే. 1923 నుంచి ఉన్న ఆసుపత్రి. అదే రోజు అక్కడ సీరం వేశారు.

చేతికి ఒక చీటీ ఇచ్చారు. అందులో నాలుగు తేదీలు ఉన్నాయి. మే 5, మే 8, మే 12, జూన్ 2.

పిల్లాడి తల్లికి చదువు రాదు. చీటీ కొంగున ముడి వేసుకోబోయింది. అమ్మ ఆపింది. అమ్మ రెండేళ్ళ కిందట రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కూడబలుక్కుని నాలుగు తేదీలూ చదివింది. ఇంటికి వచ్చి కేలెండరు మీద నాలుగు గుండ్రాలు చుట్టింది. చీటీని గోడకు మేకు కొట్టి తగిలించింది.

కరిచిన రోజునే వైద్యం మొదలైతే ఆ రోజును సున్నా అనుకోవాలి. తరువాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కొన్ని చోట్ల అయిదు సూదులు వేస్తారు. మీ చీటీలో ఏముంటే అదే మీ లెక్క.

కుక్కను ఏం చేశారు?

కర్ర తీసిన పెద్దాయన సాయంత్రం మళ్ళీ వచ్చాడు. మొగుడు కూడా అన్నాడు, "దీన్ని ఎక్కడో ఒగ్గేసి వొచ్చేస్తాను."

అమ్మ అంది: "తప్పు నాదే. పిల్లల తల్లి కదా, తరవాత సూది వేయిద్దాంలే అనుకున్నాను. దాన్ని సంపేస్తే దానికి జబ్బుందో నేదో ఎలా తెలుస్తాది? ఒగ్గేస్తే ఇంకో ఊరి పిల్లల్ని కరిస్తే?"

ఆమె మాట నిజం. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. దాని ఉమ్ములో వైరస్ ఉండి ఉంటే ఆ పది రోజుల్లో జబ్బు పడుతుంది, చనిపోతుంది. నల్లమ్మను దడి లోపల ఉంచారు. నీడ, నీళ్ళు, తిండి ఇచ్చారు. పిల్లలెవరినీ దగ్గరకు రానివ్వలేదు. పదకొండో రోజు కూడా నల్లమ్మ పిల్లలకు పాలిస్తూనే ఉంది. పెద్దాయన దడి మీంచి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

అయితే ఒక మాట. కుక్క ఎలా ఉంటుందో చూశాక ఆసుపత్రికి వెళదాం అనుకోకూడదు. సూది ఆ రోజే మొదలుపెట్టాలి. ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. మనం చెప్పకూడదు.

మూడు సూదులయ్యాక పిల్లాడి తల్లి గాజువాక వెళ్ళిపోయింది. గాయం మానింది. పిల్లాడు గెంతుతున్నాడు. జూన్ 1న అమ్మ ఫోను చేసింది. "రేపు నాలుగో సూది. చీటీ పట్టుకుని మీ దగ్గర ఆసుపత్రికి వెళ్ళు." చెల్లెలు మరిచిపోయింది. ఫోను రాకపోతే ఆ సూది పడేది కాదు.

చంపితే తీరుతుందా?

ఒకప్పుడు మన దేశంలో చాలా పట్టణాల్లో వీధికుక్కల్ని పట్టి చంపేవారు. చంపినా కుక్కలు తగ్గలేదు. తిండి దొరికే చోటికి కొత్త కుక్కలు వస్తాయి. ఆడకుక్క కడుపుతో ఉండేది దాదాపు 63 రోజులే. ఏడాదికి రెండుసార్లు ఈనగలదు.

మన విశాఖలో 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ గారు జంతువుల రక్షణ కోసం ఒక సంఘం పెట్టారు. దాన్ని వి.ఎస్.పి.సి.ఎ. అంటారు. దెబ్బ తగిలిన జంతువుల్ని కాపాడటం, వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించడం, రేబిస్ సూది వేయించడం వాళ్ళు చేసిన పనులు.

2001లో కేంద్ర ప్రభుత్వం దీనికి నిబంధనలు చేసింది. 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ఆపరేషను చేయించి, సూది వేయించే బాధ్యత నగరంలో కార్పొరేషనుది, పల్లెలో పంచాయతీది. ఆపరేషను అయిన కుక్కకు గుర్తుగా చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు. ఈ పని గురించి గ్రామసభలో అడగవచ్చు. అడిగే హక్కు ఆడవాళ్ళకూ ఉంది.

పట్నంలో వేసవి

పట్నంలో కుక్కల కష్టం ఇంకో రకం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. అప్పుడు ఫిషింగ్ హార్బరులో చేపల తలకాయలు, పేగులు తక్కువ. వాటి మీద బతికే కుక్కలకు పస్తులే.

గాజువాక వైపు, పోర్టు వైపు లారీలు బారులు తీరి ఉంటాయి. నీడ కోసం కుక్కలు వాటి కింద పడుకుంటాయి. మీ ఇంట్లో లారీ, ఆటో నడిపేవాళ్ళు ఉంటే ఒక మాట చెప్పండి. బండి తీసే ముందు ఒకసారి వంగి కింద చూడమనండి. కుంటోడి కాలు విరిగింది లారీ కిందే.

జూలై 6

తొలకరి పడింది. నల్లమ్మ పిల్లలకు మూడు నెలలు కావస్తున్నాయి. జూలై 6న పశువుల ఆసుపత్రిలో కుక్కలకు రేబిస్ సూది ఉచితంగా వేస్తారని దండోరా వేశారు. 1885లో అదే రోజున ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త పిచ్చి కుక్క కరిచిన ఒక పిల్లాడికి మొదటిసారి ఈ జబ్బు టీకా వేయించాడు. ఆ పిల్లాడికి తొమ్మిదేళ్ళు. వాడు బతికాడు. ఆ రోజు గుర్తుగానే ఇప్పుడు సూదులు వేస్తారు.

అమ్మ తట్టలో నాలుగు కూనల్ని పెట్టుకుంది. కుంటోడు, తాత, నల్లమ్మ వెనక నడిచాయి. కూతురు నల్లమ్మను తాడుతో పట్టుకుంది. దారిలో పక్కింటామె కలిసింది. ఆమె చేతిలో కూడా ఒక తాడు ఉంది. తాడు చివర ఆమె వాకిట్లో పడుకునే ఎర్రకుక్క.

"ఓలప్పా, దీనికి కూడా చీటీ ఇస్తారా?" అని అడిగింది.

"ఇస్తారు. మళ్ళీ ఏడాది ఎప్పుడు వెయ్యాలో రాసి ఇస్తారు."

"నాకు చదవడం రాదు కదే."

"రాత్రి బడికి రా. నేర్చుకుందువు గాని," అంది అమ్మ.

ఇప్పుడు మీరు చెప్పండి

1. కుక్క కరిస్తే మొదట ఏం చెయ్యాలి? ఎంతసేపు చెయ్యాలి?
2. మీ ఊళ్ళో కరిచిన గాయం మీద ఏమేం పూస్తున్నారు? అది ఎందుకు తప్పు?
3. మీ వాకిట్లో జంతువులకు నీళ్ళ తొట్టి ఉందా? ఈ రోజు దాన్ని ఎవరు తోమారు?
4. ఈ ఏడాది మీ ఊరి కుక్కలకు రేబిస్ సూది పడిందా? పంచాయతీలో ఎవరిని అడగాలి?