కాళ్లు పట్టే విద్య
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు కనుక నన్ను మర్దన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

నేను 2008లో 58 ఏళ్లకు రిటైరైన సీనియర్ అసిస్టెంటును. అప్పటిదాకా నా చేతులకు తెలిసినవి టపా రిజిస్టరు, ఫైలు తాడు, రబ్బరు స్టాంపు. 2010లో మా ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. పెద్దాసుపత్రిలో గండం గడిచాక చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో కట్టినది. గాజులకని లాడ్‌బజారుకు పోతూ మనమంతా దాని ముందునుంచి నడిచినవాళ్లమే, లోపలికి వెళ్లింది కొందరమే.

యునానీలో మందు, ఆహారం, శస్త్రం కాక ఇంకో దారి ఉంది. ‘ఇలాజ్ బిత్ తద్‌బీర్’ అంటారు. మర్దన, హిజామా, ఆవిరిస్నానం, వ్యాయామం అందులోవి. మర్దనకు వాళ్ల మాట ‘దల్క్’. 1037లో చనిపోయిన ఇబ్న్ సీనా ‘అల్ ఖానూన్’లో దీనికి పద్దు రాసినట్టే రాశాడు: గట్టిగా రుద్దితే ఒళ్లు బిగుస్తుంది, మెత్తగా రుద్దితే సడలుతుంది, ఎక్కువసేపు రుద్దితే చిక్కుతుంది, మధ్యస్థంగా రుద్దితే కండ పడుతుంది. మన అభ్యంగనం, పసిపిల్లల నలుగు దీనికి చుట్టాలే. ‘షాంపూ’ కూడా మన ‘చంపీ’యే సుమండీ! పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి నాలుగో జార్జి రాజుగారికే మర్దన నిపుణుడయ్యాడు.

ఆసుపత్రిలో చూపించింది కొంత. మిగతాది మా గౌలిపురాకు దగ్గరలోని తాలీమ్‌లో ఒక ఉస్తాద్ నేర్పాడు. నెలరోజులు నా తొడమీదే నన్ను రుద్దుకోమన్నాడు. “బాబూజీ, మీ చెయ్యి ఎంత బరువో ముందు మీకు తెలియాలి” అనేవాడు. గోళ్లు తీసుకోవాలి. నూనె ముందు మన అరచేతిలో వెచ్చబడాలి. పట్టు పాదం నుంచి పైకి సాగాలి. బొటనవేలి బలంతో కాదు, ఒంటి బరువుతో నొక్కాలి, లేకుంటే చేసేవాడి వేళ్లే ముందు పోతాయి. నొప్పి ఎక్కడో నోటితో అడిగేకంటే ముఖం చూడమనేవాడు. మా ఆవిడకు మాట సరిగా రాదు కనుక ఆ పాఠం నాకు బాగా పనికొచ్చింది.

ఏడాదికి ఆమె గ్లాసు పట్టుకుంది. మర్దన వల్లే అంటే అబద్ధమవుతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి చేయించిన వ్యాయామానిదే పెద్ద వాటా. 2016లో ఆమె వెళ్లిపోయింది. చేతులకు పని లేకపోయింది.

అప్పుడు మా ఆఫీసు పాత అటెండరు మోకాళ్ల నొప్పులని వచ్చాడు. ఇరవయ్యేళ్లు నా బల్లమీద ఫైళ్లు పెట్టి, చాయ్ తెచ్చినవాడు. కింద చాప వేసి కాలు చాపమంటే వెనక్కి ముడుచుకున్నాడు. “వద్దు సార్, మీరు నా కాళ్లు ముట్టొద్దు, నాకు పాపం” అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అరగంట బతిమాలాను. ఆ రోజు ఒక్క కాలే ఇచ్చాడు. ఇప్పుడైతే “కొంచెం గట్టిగా సార్” అంటాడు. బస్తీలో కొందరు నవ్వారు, గుమాస్తాగారు కాళ్లు పడుతున్నారని. సర్వీసులో ఉండగా ట్రాన్స్‌ఫర్ల కోసం ఎవరెవరి కాళ్లు ఎవరెవరు పట్టారో మనకందరికీ తెలుసు. అప్పుడెవరూ నవ్వలేదు!

డబ్బు తీసుకుంటావా అని అడుగుతారు. ఇవ్వగలవాళ్ల దగ్గర తీసుకుంటాను. ఉచితంగా చేస్తే దాన్ని ఎవరూ పని అనరు.

మన వయసువాళ్లకు ఒకటి గట్టిగా మనవి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఎవరిచేతా రుద్దించుకోవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జారిపడి తుంటి నొప్పి అంటే ముందు ఎక్స్‌రే, తర్వాతే పహిల్వాన్. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి గట్టి పట్టు పనికిరాదు. షుగరుతో పాదాలు మొద్దుబారినవారికి కాచిన నూనె పోయవద్దు, కాలినా తెలియదు. తక్కినవారికి గోరువెచ్చని నువ్వులనూనె చాలు, ఖరీదైన సీసాలు అక్కరలేదు.

ఆదివారాలు ఉదయం 7 నుంచి 10 దాకా ఇంట్లోనే ఉంటాను. మందుల చీటీ, పాత తువ్వాలు తెచ్చుకోండి. లాల్‌దర్వాజ బోనాల ఆదివారం మాత్రం రాకండి, ఆ రోజు మా వీధిలో కాలు పెట్టే చోటుండదు.