గోడకీ రేకుకీ మధ్య ఎడం

ఆర్కిటెక్చర్ పట్టభద్రులారా! ఇకమీదట మీ బల్లల మీదికి ఆస్పత్రులొస్తాయి, మాల్స్ వస్తాయి, ఎప్పుడో ఒకసారి ఓ ప్రాథమిక పాఠశాల వస్తుంది. చిన్న పని, ఫీజూ తక్కువే. అలాంటి చిన్న పనితోనే మొదలైంది ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కెరే ప్రయాణం.

ఆయన 1965లో బుర్కినా ఫాసోలోని గాండో పల్లెలో పుట్టారు. ఊళ్లో బడి లేక ఏడేళ్లకే ఇల్లు వదిలి టెంకొడోగో పట్టణం చేరారు. అక్కడ సిమెంటు గదిలో వందమందికి పైగా పిల్లలు, గాలీ వెలుతురూ అంతంతే. రేకుల షెడ్డు బడిలో ఏప్రిల్ మధ్యాహ్నాలు గడిపినవాళ్లకు ఆ ఉక్క గురించి వేరే చెప్పనక్కర్లేదు.

వడ్రంగం నేర్వడానికి స్కాలర్‌షిప్‌పై జర్మనీ వెళ్లిన కెరే, బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే చందాలు పోగుచేసి సొంతూరికి బడి కట్టించారు. 2001లో అది పూర్తయింది. మట్టితో కడదామంటే ముందు ఊరివాళ్లే పెదవి విరిచారు. వానకు మట్టిగోడలు ఏమవుతాయో ఏటా చూసేవాళ్లు మరి, వాళ్ల అనుమానంలో తప్పేముంది?

కెరే మట్టిలో కాస్త సిమెంటు కలిపి ఇటుకలు చేయించారు. గదుల మీద ఇనుప కడ్డీలు పరిచి, సందులుండేలా ఇటుకలు పేర్చి లోకప్పు వేయించారు. దానికి బాగా ఎడంగా, మామూలు కడ్డీలతోనే అల్లిన దూలాల మీద రేకులు నిలబెట్టారు. కిటికీల్లోంచి గాలి వస్తుంది, వేడిగాలి లోకప్పు సందుల్లోంచి పైకి జారుకుంటుంది, రేకు కింద వీచే గాలి దాన్ని ఊడ్చుకుపోతుంది. ముందుకు సాగిన చూరు గోడలను ఎండ నుంచీ వాన నుంచీ కాస్తుంది. ఇంత ఏర్పాటుకీ కరెంటు అక్కర్లేదు. మన దగ్గర రేకులు సాధారణంగా నేరుగా గోడల మీదే బిగిస్తారు. తేడా అంతా ఆ ఎడంలోనే ఉంది.

బడి కట్టేటప్పుడు పిల్లలు రాళ్లు మోశారు, ఆడవాళ్లు దిమ్మిస కొట్టి నేల గట్టిపరిచారు.

ఆ బడికి 2004లో ఆగాఖాన్ పురస్కారం దక్కింది. 2022లో కెరే ఆర్కిటెక్చర్‌కిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు, ఆఫ్రికన్లలో ఆయనే మొదటివారు.

బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్‌లో అన్నా హెరింగర్, ఐకే రోస్వాగ్ మట్టితో, వెదురుతో కట్టిన బడిది మరో ముచ్చట. కింది తరగతి గదుల వెనక పిల్లలు దూరడానికి గుహల్లాంటి బొరియలున్నాయి. పాఠం తప్పించుకోవడానికని కాదుగానీ, ఆ వయసులో ఒళ్లు ముడుచుకుని కూచునే మూల ఒకటి కావాలి. తలకిన్ని చదరపు మీటర్లని లెక్కగట్టే పట్టికల్లో ఆ మూల దొరకదు.

మళ్లీ గాండోకొస్తే, బడి పక్కన గ్రంథాలయం తలపెట్టినప్పుడు ఊరి ఆడవాళ్లు మట్టికుండలు తెచ్చిచ్చారు. వాటిని కోసి, కప్పుకు కాంక్రీటు పోసేటప్పుడు అందులో అమర్చారు. లోపలికి వెలుతురు దిగేదీ, వేడి బయటికి పోయేదీ ఆ కుండల్లోంచే.