మన రికార్డులకు ఒక కావలి
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



గత వేసవిలో బదిలీ పత్రము కొరకు వచ్చిన ఒక తండ్రిగారు కూలి మానుకొని మధ్యాహ్నము వరకు మన అరుగుపై కూర్చుండిరి. రికార్డులన్నియు కంప్యూటరులోనే యున్నవి. అయినను పిల్లల జాబితా తెరపైకి వచ్చుటకే చాల సేపు పట్టినది. యంత్రము పాతదని తలచి, క్రొత్తది కొందమని కమిటీకి విన్నవింపబోయితిని. అది నా పొరపాటు.

తుంగభద్ర ఎడమకాలువ క్రింద సేద్యము చేయువారికి ఈ సంగతి సులభముగా బోధపడును. చివరి పొలమునకు నీరందనిచో, ప్రతి తూము వద్ద ఎంత నీరు పోవుచున్నదో కొలువవలెను. వెబ్ ప్రోగ్రాములో అట్టి కొలతకు తోడ్పడునదే ఫిల్టరు. 2001లో వెలువడిన జావా సర్వ్లెట్ 2.3 నిబంధనలలో దీనికి స్థానము లభించినది. మనమొక పుటను కోరినపుడు ఆ కోరిక ఫిల్టరు గుండా లోనికి పోవును. జవాబును దాని గుండానే వచ్చును. డేటాబేసు కనెక్షనుకు తొడిగిన తొడుగు ప్రతి ప్రశ్నను లెక్కించును. ఫిల్టరు ఆ లెక్కను రాకలో సున్న చేసి, పోకలో చదివి వ్రాసికొనును.

పూర్వవిద్యార్థి యొకరు దీనిని అమర్చిరి. 312 మంది జాబితాకు 313 ప్రశ్నలు పోవుచున్నట్లు తేలినది: జాబితాకు ఒకటి, పిమ్మట ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్కటి. సర్వరు దూరమున నుండుటచే ప్రతి ప్రశ్నకును రానుపోను కాలము పట్టుచుండెను. సంతలో ఒక్కొక్క సరుకునకు ఒక్కొక్క మారు ఇంటికి వచ్చి పోయినట్లే! అన్నిటిని ఒకే ప్రశ్నగా కూర్చగా జాలము తీరినది. క్రొత్త యంత్రము అవసరము లేకపోయినది.

అమరికలో మూడు జాగ్రత్తలు కలవు. ఫిల్టర్లు వరుసక్రమమున పనిచేయును గనుక దీనిని మొదట నుంచవలెను. పని మధ్యలో చెడినను లెక్కను తుడిచివేయవలెను; లేనిచో ఒకరి లెక్క మరియొకరి ఖాతాలో పడును. మూడవది అన్నిటికంటె ముఖ్యము. తొలిదినములలో ప్రశ్నలు వివరములతో సహా నమోదైనవి. పిల్లల పేర్లు, కులము, తండ్రి ఆదాయము ఆ దినచర్యలో చూచి నేను ఉలికిపడితిని. వెంటనే అవి చెరిపించితిమి. ఇప్పుడు పుట పేరు, ప్రశ్నల సంఖ్య, పట్టిన కాలము మాత్రమే నిలుచును. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారిని బాలలుగా పరిగణించుచున్నది. చట్టము లేకున్నను, మీరు మమ్ము నమ్మి ఇచ్చిన సంగతులవి.

తల్లిదండ్రులారా! 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన సౌకర్యము కల్పింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ సౌకర్యమును అడుగుటకు మన లెక్క సరిగా నుండవలెను. కావున ఒకమారు కార్యాలయమునకు వచ్చి, మీ బిడ్డ పేరు ఎదుట మాతృభాష తెలుగని యున్నదో లేదో చూచుకొనుడు. ఇక మిమ్ము మధ్యాహ్నము వరకు కూర్చుండబెట్టము.