ఉల్లివిత్తనమునకై గడ్డలు నాటు విధానము



నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో బావుల క్రింద ఉల్లి పండించువారు పలువురు కలరు. దేవరకద్ర అంగడి ఉల్లికి పేరు పొందినది. అయినను మేలైన గడ్డలనెల్ల అంగడికి తోలి, విత్తనమునకై వర్తకుని నమ్ముకొను రైతులే యెక్కువ. సాధారణముగా నిలువచేసిన ఉల్లివిత్తనము ఏడాది దాటినచో మొలకశక్తిని త్వరగా కోల్పోవును. అది పాతదో క్రొత్తదో కంటికి తెలియదు. నారుమడి మొలవనప్పుడే తెలియును. అప్పటికి అదను దాటిపోవును. కావున విత్తనమును స్వయముగా పండించుకొనుట శ్రేయస్కరము.

గడ్డల యెంపిక: యాసంగి పంటలో ఒకే రంగును, సన్నని మెడయును కలిగి, రెండంగుళముల అడ్డుకొలత గల గడ్డలను ఏరవలెను. జంటగడ్డలు, మెడ లావైనవి, పొలములోనే పూకాడ వేసినవి పనికిరావు. ఏరినవానిని గాలి యాడుచోట పలుచగా పరచి, కుళ్లినవానిని తీసివేయుచుండవలెను.

నాటుట: అక్టోబరు రెండవ పక్షము మొదలు నవంబరు నడుమ వరకు తగిన కాలము. గడ్డకు చలి సోకినగాని పూకాడ వెడలదు. ఆలస్యముగా నాటినచో పుష్యమాసపు చలి చాలినంత దొరకక కాడలు తగ్గును. నీరు నిలువని నేలలో మురిగిన పెంట వేసి, 18 అంగుళముల యెడముతో బోదెలు తీసి, 12 అంగుళముల కొక గడ్డను వేరు క్రిందుగా నాటి, మట్టి కప్పి తడి పెట్టవలెను. గడ్డ పైభాగమున మూడవవంతు కోసి నాటినచో త్వరగా మొలచును. అయితే కోతకు కుళ్లు పట్టకుండ ముందుగా తగిన మందునీట ముంచవలెను.

పూత: పూత సమయమున నీటి యెద్దడి కలుగరాదు. ఉల్లిపూలకు పుప్పొడిని చేర్చునవి ముఖ్యముగా తేనెటీగలు. అందుచే అప్పుడు పురుగుమందు చల్లరాదు. ఎఱ్ఱయుల్లి చెంత తెల్లయుల్లి పూచినచో విత్తనము కలిసిపోవును. రెండు రకముల నడుమ కనీసము అర కిలోమీటరు దూరముండునట్లు పొరుగు రైతులు ముందే మాటలాడుకొనవలెను.

కోత: గుత్తిలో కొన్ని కాయలు పగిలి నల్లని గింజలు కనబడినంతనే బెత్తెడు కాడతో కోయవలెను. అన్నియు నొకసారి పండవు. రెండు మూడు మార్లు కోయవలసివచ్చును. ఎండబెట్టి, దులిపి, తూర్పారబట్టి, బాగుగా నారిన విత్తనమును గాలి చొరని డబ్బాలో నుంచవలెను. నారు పోయుటకు ముందు 100 గింజలను తడిబట్టలో నుంచి చూడవలెను. 70కి తగ్గక మొలచినచో అది మంచి విత్తనము.

ఎకరపు నాటునకు 3 లేక 4 కిలోల విత్తనము కావలెను. అందులకు రెండు గుంటల మడి చాలును. ఆ మడికి సుమారొక క్వింటాలు గడ్డలు పట్టును. కావున గడ్డలను అంగడికి తోలుటకు ముందే ఆ క్వింటాలును వేరుచేసి యుంచవలెను.